ఓప్రా ముందు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకున్నాడు సరే, అది మనస్ఫూర్తిగా అడిగిన క్షమాపణేనా?

కడప నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు ప్రొద్దుటూరులో ఇంటర్ చదువుతున్నాడు, సైక్లింగ్ అంటే ప్రాణం. అమెరికా సైక్లిస్టు ఆర్మ్‌స్ట్రాంగ్ 2013లో టీవీలో ఓప్రా విన్‌ఫ్రే ముందు కూర్చుని డోపింగ్ చేశానని ఒప్పుకున్న ఇంటర్వ్యూ ఇద్దరం చూశాం. అంత పేరున్న మనిషి ప్రపంచం ముందు ఒప్పుకున్నాడంటే మనసులో బాధ ఉన్నట్టే కదా అంటాడు వాడు. నాకేమో నాటకంలా అనిపించింది. ఆటగాళ్ళతో పనిచేసినవాళ్ళు చెప్పండి, ఇది ఎలా తెలుసుకోవాలి? ఇంకో సంగతి, వాడు జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ తాగుతున్నాడు, అదొక టెన్షన్."

అమ్మా, నేను అనంతపురంలో ఇరవై ఆరేళ్ళు అథ్లెటిక్స్ కోచ్‌గా పనిచేసి రిటైరయ్యాను. తప్పు చేసి దొరికిన పిల్లలను చూశాను, దొరక్కుండా తప్పించుకున్నవాళ్ళనూ చూశాను. నేను కూడా ఒకరి ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు సూటిగా జవాబు: ఒప్పుకోలు నిజం. క్షమాపణ మాత్రం రెండు రాత్రులు వచ్చిన ఆ ఇంటర్వ్యూలో ఒక్క చోట తప్ప నాకు కనబడలేదు. ఈ రెండూ వేరువేరు పనులు. "నేను చేశాను" అనడం ఒప్పుకోలు. "నీకు ఇది చేశాను" అని ఆ నష్టపోయిన మనిషితో చెప్పడం క్షమాపణ. మీరిద్దరూ వాదించుకున్నది అందుకే అనుకుంటాను. మీ తమ్ముడు మొదటిది చూశాడు, మీరు రెండోదాని కోసం వెతికారు.

ఆ ఇంటర్వ్యూ 2013 జనవరి 17, 18 రాత్రుల్లో వచ్చింది. ఓప్రా మొదట్లోనే అవును, కాదు అనే ప్రశ్నలు వేసింది. నిషేధిత మందులు వాడావా? అవును. ఈపీఓ? అవును. రక్తం ఎక్కించుకున్నావా? అవును. టెస్టోస్టెరాన్, కార్టిసోన్, గ్రోత్ హార్మోన్? అవును. గెలిచిన ఏడు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుల్లోనూనా? అవును. ఈపీఓ అంటే మన ఊళ్ళలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు రక్తం తగ్గకుండా వేసే ఇంజెక్షనే. ఎర్ర రక్తకణాలు పెరిగితే కండకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, కొండ ఎక్కేటప్పుడు కాళ్ళు పట్టేయవు. పక్కనున్నవాడు ఆయాసపడే చోట వీడు ఇంకో గేరు వేస్తాడు. ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషిని ఒక సూది మందు అలా వెనక్కి నెడుతుంది.

ఇప్పుడు దానికి ముందు ఏం జరిగిందో చూడండి. 2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ వెయ్యి పేజీలకు పైగా ఆధారాలు బయటపెట్టింది. 26 మంది ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు, అందులో 11 మంది ఒకప్పుడు అతని జట్టులో తొక్కినవాళ్ళే. అదే నెలలో ఏడు టైటిళ్ళూ పోయాయి. జీవితకాల నిషేధం అప్పటికే పడి ఉంది. అంటే అతను "అవును" అన్నవన్నీ మూడు నెలలుగా లోకానికి తెలిసినవే. ఇంట్లోవాళ్ళు పెట్టె తాళం తీసి చూశాక "డబ్బు నేనే తీశాను" అన్నట్టు ఉంటుంది అది. అబద్ధం అనలేం, కానీ ఆ మాటకు బరువు తక్కువ.

అందుకే నేను పిల్లల దగ్గర మొదట చూసేది ఇది: మనకు తెలియనిది ఏమైనా చెప్పాడా? ఆర్మ్‌స్ట్రాంగ్‌ను రిటైరై 2009, 2010లో మళ్ళీ రేసులకు తిరిగి వచ్చినప్పటి సంగతి అడిగితే కాదన్నాడు, 2005తో ఆపేశానన్నాడు. కానీ ఆ నివేదిక 2009 నాటి రక్తపరీక్షల అంకెలు సహజంగా రావడానికి పది లక్షల్లో ఒక వంతు అవకాశం కూడా లేదని రాసింది. పాత జట్టు సభ్యుడి భార్య బెట్సీ ఆండ్రూ, 1996లో క్యాన్సర్‌తో ఉన్నప్పుడు ఆసుపత్రి గదిలో అతను డాక్టర్లతో మందుల సంగతి చెప్పడం విన్నానని ప్రమాణపూర్వకంగా చెప్పింది. దానికి ఏళ్ళ తరబడి మాటలు పడింది. అది నిజమేనా అని ఓప్రా అడిగితే, ఆ విషయం జోలికి పోనన్నాడు. ఆమె కోరింది ఆ ఒక్క మాటే. అది చెప్పకపోగా, ఆమెను పిచ్చిదన్నాను, ఇంకో మాట కూడా అన్నాను, లావు అని మాత్రం అనలేదు అని ఫోన్‌లో చెప్పానంటూ నవ్వే ప్రయత్నం చేశాడు. ఆ చోట నేను టీవీ ఆపేసి బయటికొచ్చి నిలబడ్డాను.

ఎమ్మా ఓరైలీ సంగతి ఇంకా ఘోరం. ఆమె జట్టులో మసాజ్ చేసే ఉద్యోగి. నిజం చెప్పినందుకు ఆమెను అనరాని మాట అన్నాడు, కేసు వేశాడు. నువ్వు ఆమె మీద దావా వేశావు కదా అని ఓప్రా అడిగితే, చాలామంది మీద వేశాం, వేసే ఉంటాం అన్నాడు. ఎవరి మీద వేశాడో గుర్తు లేనంతమంది మీద వేశాడు! వేసినవాడు మర్చిపోయాడు కానీ, కోర్టు కాగితం అందుకున్న మనిషి మర్చిపోతుందా?

నాకు క్షమాపణ కనబడిన ఆ ఒక్క చోటు ఏదంటే, కొడుకు గురించి చెప్పినప్పుడు. పదమూడేళ్ళ ల్యూక్ బడిలో తండ్రి తరఫున స్నేహితులతో వాదిస్తున్నాడని తెలిసి, క్రిస్మస్ సెలవుల్లో పిలిచి, ఇక నన్ను వెనకేసుకు రావద్దు అని చెప్పాడట. అది చెప్తూ గొంతు పూడుకుపోయింది. అది నిజమని నమ్ముతాను. కన్నీళ్ళు వచ్చాయి కాబట్టి నమ్మడం కాదు. అక్కడ ఎదుట ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి తన వల్ల జరిగినదేమిటో అతనికి స్పష్టంగా తెలుసు, దాన్ని ఆపడానికి తనే ఒక పని చేశాడు. క్షమాపణకు కావలసినవన్నీ ఆ నిమిషంలో ఉన్నాయి.

కన్నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో బంతిని గీకిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ సాయంత్రం ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ స్మిత్, ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ మీడియా ముందుకొచ్చి, వాడింది పసుపు టేపు అన్నారు. కెప్టెన్సీ నుంచి తప్పుకోను అని కూడా స్మిత్ చెప్పాడు. నాలుగు రోజులకు అది శాండ్‌పేపర్ అని బయటపడింది. అయిదో రోజు సిడ్నీలో అదే స్మిత్, తండ్రి భుజం మీద చెయ్యేసి నిలబడి ఉండగా, వెక్కివెక్కి ఏడ్చాడు. మా గ్రౌండ్ దగ్గర టీ బంకులో వారం రోజులు ఇదే చర్చ. పిల్లలంతా ఆ ఏడుపు చూసి కరిగిపోయారు. నన్ను కదిలించింది మాత్రం తర్వాత జరిగింది: పన్నెండు నెలల నిషేధం మీద అప్పీలుకు వెళ్ళే హక్కు ఉండి కూడా వెళ్ళలేదు. నాయకుడిగా తప్పు నాదేనన్నాడు, ఆ మాటకు ఏడాది ఆట చెల్లించాడు. ఏడుపు ఎవరికైనా వస్తుంది. గ్రౌండ్‌లో దొరికిపోయిన ప్రతి పిల్లవాడూ ఏడుస్తాడు. దేనికి ఏడుస్తున్నాడో వాడికే తెలియదు ఆ క్షణాన, నాన్న ఏమంటాడో అన్న భయం కావచ్చు, అవమానం కావచ్చు. అందుకే ఏడ్చాడా లేదా అన్నది నేను లెక్కలోకి తీసుకోను. ఎటూ తీసుకోను. ఏడవనివాడిని బండరాయి అనుకోవడం కూడా అన్యాయమే.

భాష సంగతి కూడా చెప్పాలి. మన తెలుగులో ఒక సదుపాయం ఉంది, "తప్పు జరిగింది", "పొరపాటు అయిపోయింది" అనొచ్చు. వాన పడినట్టు, కరెంటు పోయినట్టు తప్పు దానంతటది జరుగుతుంది, చేసినవాడు వాక్యంలోంచి మాయమైపోతాడు. నా దగ్గర షాట్‌పుట్ వేసే కుర్రాడొకడు ఒక మీట్‌లో డోప్ పరీక్షలో దొరికాడు. జిమ్‌లో ఎవరో వేసిన ఇంజెక్షన్. వాళ్ళ బంధువు ఒకాయన ఉత్తరం రాసిపెట్టాడు: "తెలిసో తెలియకో జరిగిన పొరపాటు వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించగలరు." చదివి, ఒక్క వాక్యం నీ చేత్తో రాయి నాయనా అన్నాను. గంటసేపు కూర్చుని రాశాడు: "నేను ఇంజెక్షన్ వేయించుకున్నాను, ఎందుకంటే నాకు పదిహేను మీటర్లు పడడం లేదు." అక్షరాలు వంకర. నా వరకు ఆ వంకర వాక్యమే ఉత్తరం.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సిన విషయమూ ఉంది. మన సీమలో పెద్దవాళ్ళు చేతులు జోడించి "తప్పయిపాయ సామీ" అంటారు. వ్యాకరణం చూస్తే అందులోనూ చేసినవాడు లేడు. కానీ పదిమంది ముందు ఆ మాట అని, పెద్దలు వేసిన తప్పు కట్టి, మర్నాడే అవతలివాళ్ళ గట్టు సరిచేసి ఇచ్చినవాళ్ళను చూశాను. కాబట్టి మాటను బట్టే తీర్పు చెప్పేయకండి.

ఆర్మ్‌స్ట్రాంగ్ విషయంలోనూ న్యాయంగా ఒక మాట చెప్పాలి. అప్పటికి అతని మీద పాత సహచరుడు ఫ్లాయిడ్ లాండిస్ వేసిన కేసు నడుస్తోంది. ప్రభుత్వ తపాలా శాఖ స్పాన్సర్‌షిప్ డబ్బు వ్యవహారం అది, దాదాపు 10 కోట్ల డాలర్ల దాకా పోయే ప్రమాదం ఉండేది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ అయింది. అలాంటి కేసు నెత్తి మీద ఉన్న మనిషి ఎవరు మందులు తెచ్చారు, ఎవరు ఇచ్చారు అని టీవీలో విప్పి చెప్పలేడు. లాయర్లు చెప్పనివ్వరు. ఆ మౌనాన్ని నేను తప్పు పట్టను. కానీ అదే ఇంటర్వ్యూలో మిగతావాళ్ళకు ఆరు నెలలు పడితే తనకు మరణశిక్ష పడిందన్నాడు, మళ్ళీ పోటీల్లో పరుగెత్తాలని ఉందన్నాడు. నిషేధం తగ్గాలంటే ప్రమాణం చేసి అన్నీ చెప్పమని సంస్థ పిలిచింది, నెల తిరిగేసరికి రానని చెప్పేశాడు. ఖర్చు లేని చోట మాట్లాడి, ఖర్చయ్యే చోట ఆగిపోయాడు.

ఒప్పుకుంటే శిక్ష తగ్గే నిబంధన ఇప్పుడు అందరికీ ఉంది. ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం నాలుగేళ్ళ నిషేధం పడే కేసులో, నోటీసు అందిన 20 రోజుల్లోగా తప్పు ఒప్పుకుని శిక్షకు అంగీకరిస్తే ఏడాది తగ్గించవచ్చు. మంచి నిబంధనే. కానీ దానివల్ల 19వ రోజున వచ్చే ఒప్పుకోలు పశ్చాత్తాపమో లెక్కో బయటివాళ్ళకు తెలియదు.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ళ కిందటి మాట. అండర్-16 జిల్లా మీట్, ఎనిమిది వందల మీటర్లు. మా కుర్రాడు రెండో స్థానంలో వచ్చాడు. జిల్లా నుంచి ఇద్దరినే రాష్ట్ర మీట్‌కు పంపేవాళ్ళు. వాడికి నిజానికి పదిహేడేళ్ళు, బడి రికార్డులో రెండేళ్ళు తగ్గించి రాయించారు. ఆ సంగతి నాకు తెలుసు. అందరూ చేస్తున్నారు కదా అని నోరు మూసుకున్నాను. మూడో స్థానంలో వచ్చింది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె పిల్లవాడు, కాళ్ళకు స్పైక్స్ కూడా లేవు.

రాష్ట్ర మీట్‌లో మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు చూశారు, మావాడు దొరికాడు. తిరిగొచ్చాక గ్రౌండ్‌లో పిల్లలందరి ముందూ ఏడుస్తూ "అందరూ నన్ను క్షమించండి" అన్నాడు. అందరం ఓదార్చాం. నెల తిరక్కముందే బస్సులో పక్క పిల్లవాడితో "అందరూ చేసేదే, నేను దొరికినా అంతే" అంటుంటే నా చెవిన పడింది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత వాడికి నేర్పింది నేనే, మాటతో కాకపోయినా నా మౌనంతో.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం వాడు మా ఇంటికొచ్చాడు. కానిస్టేబుల్ సెలక్షన్లకు పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. "సార్, ఆ కళ్యాణదుర్గం పిల్లోని కాడికి పోదాం, మీరూ రావల్ల" అన్నాడు. ఎందుకు అని అడగలేదు నేను. ఇద్దరం బస్సెక్కాం.

ఆ అబ్బాయి టమోటా మార్కెట్లో క్రేట్లు లారీకి ఎత్తుతున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు. మావాడు నిలబడి చెప్పాడు: "నువ్వు ఆ పొద్దు మూడో వాడివి గాదు, రెండో వాడివి. నా వయసు దొంగది. నీ పేరు ఉండాల్సిన కాడ నా పేరు రాపిచ్చుకున్యా." తర్వాత నేను చెప్పాను, నాకు ముందే తెలుసని. ఆ అబ్బాయి చేతిలో క్రేటు దింపలేదు. లారీ మీదికి అందించి, తువ్వాలతో మెడ తుడుచుకుని, "ఇప్పుడు నన్నేం జేయమంటారప్పా" అన్నాడు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కాసేపటికి అతనే అడిగాడు, "ఆడ గ్రౌండు ఎట్లుండింది? ఎర్రదంట గదా, రబ్బరుదంట?"

సింథటిక్ ట్రాక్ గురించి అడుగుతున్నాడు. మావాడు చెప్పాడు, మెత్తగా ఉంటుంది, కాలు పెడితే పైకి తోస్తుంది అని. అతను విని తలూపి, మళ్ళీ క్రేట్ల దగ్గరికి పోయాడు. క్షమించాననలేదు. అనాల్సిన అవసరం అతనికేముంది? మా తప్పు ఎంతదో నాకు తెలిసింది ఆ ట్రాక్ ప్రశ్నతోనే. గ్రౌండ్‌లో "అందరూ క్షమించండి" అన్నప్పుడు ఆ అందరిలో ఈ ఒక్కడు లేడు.

అప్పటి నుంచి ఏ ఆటగాడి ఒప్పుకోలు విన్నా నేను అడిగేది ఒకటే: ఇతని కళ్యాణదుర్గం పిల్లవాడు ఎవరు? అక్కడికి పోయాడా?

ఆర్మ్‌స్ట్రాంగ్ కొన్ని చోట్లకు తర్వాత పోయాడు, అది కూడా చెప్పాలి. 2013 చివర్లో ఎమ్మా ఓరైలీని ఎదురుగా కలిసి క్షమాపణ అడిగాడు. ఫ్రాన్స్ సైక్లిస్టు క్రిస్టోఫ్ బాసన్స్‌నూ కలిశాడు. బాసన్స్ మందులు ముట్టనివాడు, 1999 టూర్‌లో పత్రికలో డోపింగ్ గురించి రాస్తుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిల్ మీదే పక్కకు వచ్చి ఇంటికి పొమ్మన్నాడు. కొద్ది రోజులకే అతను రేసు వదిలేశాడు. ఆ రెండు కలయికలూ పత్రికల వాళ్ళ ఏర్పాటుతోనే జరిగాయి, అయినా ఓప్రా ముందు కూర్చున్నదానికంటే వాటికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఎదురుగా మనిషి ఉన్నాడు కాబట్టి. 2015లో బీబీసీ వాళ్ళు మళ్ళీ చేస్తావా అని అడిగితే, ఇప్పుడైతే చేయను, 1995 లాంటి కాలమే మళ్ళీ వస్తే బహుశా చేస్తాను అన్నాడు. చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం ఆ మాట ఓప్రా ముందు చెప్పిన చాలా మాటలకంటే నిజాయితీగా అనిపించింది, నచ్చకపోయినా.

డోపింగ్‌లో దొరికిన అమెరికా పరుగుల క్రీడాకారిణి మారియన్ జోన్స్ పేరు కూడా తరచూ ఇక్కడ తెస్తారు. 2007 అక్టోబరులో కోర్టు మెట్ల మీద తల్లి పక్కన నిలబడి ఏడుస్తూ ఒప్పుకుంది, సిడ్నీ ఒలింపిక్స్ అయిదు పతకాలూ తిరిగిచ్చింది, ఆరు నెలలు జైలుశిక్ష అనుభవించింది. ఖర్చు చెల్లించింది, అది కాదనలేం. కానీ అవిసె నూనె అనుకుని వాడాను అన్న మాట మాత్రం వదల్లేదు. ఆమెతో రిలే పరుగెత్తిన అమ్మాయిలు తమ పతకాల కోసం కోర్టులో పోరాడాల్సి వచ్చింది, 2010లో గెలుచుకున్నారు.

మీ తమ్ముడితో గొడవ పడకండి. ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే అభిమానం ఉండనివ్వండి, క్యాన్సర్ నుంచి లేచి సైకిలెక్కడం అబద్ధం కాదు. ఇంటర్వ్యూ రెండు భాగాలూ ఇద్దరూ మళ్ళీ చూడండి. కొడుకు గురించి చెప్పేచోట, బెట్సీ గురించి చెప్పేచోట ఒకసారి ఆపి, రెంటికీ తేడా ఏముందని వాడినే చెప్పమనండి.

ఇక పౌడర్ సంగతి. దాన్ని ఈ రోజే ఆపించండి. శరీరంలో నిషేధిత పదార్థం దొరికితే బాధ్యత ఆటగాడిదే, జిమ్‌లో ఇచ్చినవాడిది కాదు. "నాకు తెలియదు" అన్నమాట శిక్ష తగ్గించడానికి కొంత పనికి రావచ్చు, అది కూడా రుజువు చేసుకోగలిగితేనే. డబ్బా మీద రాయని పదార్థాలు లోపల కలిసి దొరికిన కేసులు ఎన్నో ఉన్నాయి. డాక్టరు రాసిన మందులైతే మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్ళ 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో చూసుకోవచ్చు, కానీ జిమ్ పౌడర్లకు అలాంటి భరోసా ఎవరూ ఇవ్వరు. ఇంటర్ చదివే పిల్లవాడికి ఉడికించిన గుడ్లు, వేరుశనగలు, రాగి సంగటి, పప్పు చాలు. డబ్బా మాత్రం పారేయొద్దు. మూత బిగించి, కొన్న బిల్లు ఉంటే దానితో సహా, బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీసి ఒక చోట దాచమనండి.